పిల్లల బీపీకి, వంటింటి నూనెకి లంకె ఎంత?

పదేళ్ల అబ్బాయి బీపీ 116/74 ఉందనుకోండి. చాలామంది ఆ చీటీ చూసి ‘నూటపదహారే కదా, బాగానే ఉంది’ అని మడిచి జేబులో పెట్టుకుంటారు. కానీ 120/80 పెద్దవాళ్ల హద్దు. పిల్లల హద్దు వయసును బట్టి, ఎత్తును బట్టి మారుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన పట్టికలో పదేళ్ల అబ్బాయికి 108/72, ఆరేళ్ల అబ్బాయికి 105/66 అని ఉంటుంది. అంకె అక్కడికి చేరితే మళ్లీ జాగ్రత్తగా కొలవమని అర్థం. పదమూడో ఏడు వచ్చాకే పెద్దల అంకె పనికొస్తుంది.

ఒకసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు కొలిచి తేల్చాలి. చేతికి చుట్టే పట్టీ పిల్లల సైజుదే కావాలి. పెద్దది చుడితే అంకె తగ్గి కనిపిస్తుంది, ఇరుకుది చుడితే పెరిగి కనిపిస్తుంది. నాలుగైదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, కాళ్లు నేలకి ఆనించి, కుడిచేతికి కొలవాలి. ఆరేళ్ల పిల్లవాణ్ని అంతసేపు కుదురుగా కూర్చోబెట్టడం ఎవరి తరమో గానీ, పద్ధతి మాత్రం అదే. 2016-18లో దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో 10-19 ఏళ్ల వాళ్లలో దాదాపు 5 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇరవై మంది కూర్చున్న తరగతిలో ఒకరు.

కారణాల్లో మొదటి వరసలో ఉండేవి అధిక బరువు, ఉప్పు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ‘మా గానుగ నూనె వాడితే బీపీ దిగిపోతుంది’ అని చెప్పి అమ్మేవాళ్లు ఈమధ్య తిరుపతిలో వీధికొకరు కనిపిస్తున్నారు. అలా దిగదు. అయితే నూనెకీ బీపీకీ అసలు సంబంధమే లేదనడమూ తప్పే.

నూనె, నెయ్యి, వెన్న, కోడిగుడ్డు పచ్చసొనలోని కొవ్వు, ఇవన్నీ ఫ్యాటీ ఆమ్లాలతో తయారైనవే. కార్బన్ పరమాణువుల గొలుసులో జంట బంధం ఒక్కటీ లేకపోతే అది సంతృప్త కొవ్వు. ఒకటి ఉంటే ఏక అసంతృప్తం, రెండూ అంతకంటే ఎక్కువ ఉంటే బహుళ అసంతృప్తం. ఈ చివరి రకంలోనే ఒమేగా-6, ఒమేగా-3 అని రెండు కుటుంబాలున్నాయి. ఈ రెండింటి మూల పదార్థాలను మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

ఇప్పుడు మన వంటింట్లోకి చూద్దాం. చిత్తూరు వైపు నూనె అంటే చెనిక్కాయ నూనే. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నారాయణి, ధరణి లాంటి వేరుశనగ రకాలు ఇచ్చిన నేల ఇది. చెనిక్కాయ నూనెలో దాదాపు సగం ఒలీక్ ఆమ్లం, అంటే ఏక అసంతృప్తం. సుమారు 30 శాతం ఒమేగా-6, ఐదోవంతుకి కాస్త తక్కువ సంతృప్త కొవ్వు. మంచి నూనే. ఒమేగా-3 మాత్రం ఇంచుమించు సున్నా. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా-6 అరవై శాతం దాకా ఉంటుంది, ఒమేగా-3 అక్కడా సున్నానే. పామాయిల్‌లో సగం సంతృప్త కొవ్వు. బండి మీద బజ్జీలు, బేకరీ పఫ్‌లు, ప్యాకెట్ చిప్స్ చాలావరకు దాంట్లోనే వేగుతాయి, చవక కాబట్టి. సంగటిలోకి ఊరుబిండి, సాయంత్రం నిప్పట్లు, రాత్రి పప్పులోకి తాలింపు... మన ఇళ్లలో పిల్లలకి ఒమేగా-6 కొరత రాదు. కరువల్లా రెండో కుటుంబానికే.

దీనికీ రక్తనాళానికీ లంకె ఎక్కడ? మనం తిన్న ఫ్యాటీ ఆమ్లాల్లో కొన్ని నేరుగా కణాల పొరల్లోకి వెళ్లి కూర్చుంటాయి. రక్తనాళం లోపలి అస్తరు కణాల పొరల్లోనూ అంతే. అవసరం పడినప్పుడు ఆ పొరల్లోంచే ఒమేగా-6 కుటుంబపు అరాకిడోనిక్ ఆమ్లం గానీ, ఒమేగా-3 కుటుంబపు ఈపీఏ గానీ విడుదలై ప్రోస్టాగ్లాండిన్లు, థ్రాంబాక్సేన్లు అనే స్థానిక సంకేతాలుగా మారుతుంది. వీటిలో కొన్ని నాళాన్ని బిగిస్తాయి, కొన్ని వదులు చేస్తాయి. వీటి గుట్టు విప్పినందుకే బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్, వేన్ 1982లో నోబెల్ అందుకున్నారు. అరాకిడోనిక్ ఆమ్లంలోంచి వచ్చే థ్రాంబాక్సేన్ నాళాన్ని గట్టిగా బిగిస్తుంది. ఈపీఏలోంచి వచ్చేది చాలా బలహీనం. పైగా రెండు కుటుంబాలూ ఒకే ఎంజైమ్ కోసం పోటీ పడతాయి. ఒక కుటుంబం వాళ్లే గుంపుగా వచ్చి వాకిలి నింపేస్తే రెండో వాళ్లకి చోటు దొరకదు. అవిసెగింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఒమేగా-3 శరీరంలో ఈపీఏగా, అదే కుటుంబపు డీహెచ్ఏగా మారేది కొద్దిశాతమే కావడానికి ఇదొక కారణం.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకి కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టారు. వాటి చర్మం పొలుసులు రేగింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కొవ్వులో విటమిన్ లాంటి తప్పనిసరి వస్తువు ఒకటుందని అలా తెలిసింది. డెబ్బై ఏళ్లు దాటాక, 2001లో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగే రోజుల్లో ఒమేగా-3 అందని ఎలుకలకి పెద్దయ్యాక బీపీ పెరిగింది. తర్వాత ఆ లోటు పూడ్చినా అంకె కిందికి రాలేదు. అంటే ఆ తొలి రోజుల్లోనే ఏదో స్థిరపడిపోయింది.

ఎలుకల సంగతి సరే, మనుషుల సంగతేమిటి? యూరప్‌లో డబ్బా పాలు తాగే పసిపిల్లల్లో కొందరికి మొదటి నాలుగు నెలలు డీహెచ్ఏ, అరాకిడోనిక్ ఆమ్లం కలిపిన పాలు ఇచ్చారు, మిగతావారికి అవి లేనివి. ఆరేళ్ల వయసులో కొలిచి 2003లో ప్రకటించిన ఫలితం: కలిపిన పాలు తాగినవారికి కింది అంకె సగటున 3.6 పాయింట్లు తక్కువ. తల్లిపాలు తాగిన పిల్లలూ ఇంచుమించు వాళ్ల పక్కనే ఉన్నారు. తల్లిపాలలో ఇవి సహజంగానే ఉంటాయి మరి, ఎంత ఉంటాయన్నది కొంత తల్లి తిండిని బట్టి. అలాగని సంబరపడకూడదు. ఆస్ట్రేలియాలోనే పసితనం నుంచి ఐదేళ్ల దాకా చేపనూనె ఇచ్చిన పిల్లల్ని ఎనిమిదో ఏట కొలిస్తే బీపీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో 1990లో మొదలైన ప్రయోగం ఇంకా ఓపికగా సాగింది. వెయ్యికి పైగా పసిబిడ్డల కుటుంబాలను తీసుకుని, సగం మందికి ఏడో నెల నుంచే సలహాలిస్తూ వచ్చారు. కొవ్వు మానేయమని కాదు, సంతృప్త కొవ్వు ఉన్న చోట అసంతృప్తం వాడమని. పదిహేనేళ్ల వయసు దాకా చూస్తే ఆ పిల్లల బీపీ సగటున ఒక్క పాయింటు తక్కువ. ఒక్కటేనా అనిపిస్తుంది. ఒక్క పిల్లవాడి విషయంలో అది లెక్కలోకే రాదు. కానీ చిన్నప్పుడు బీపీ ఎక్కువ వైపున్న పిల్లలు పెద్దయ్యాకా చాలావరకు అటువైపే ఉంటారు కాబట్టి, ఒక ఊరు ఊరంతా ఒక పాయింటు కిందికి జరిగితే అది చిన్న విషయం కాదు. నూనె సీసా మీద గుండె బొమ్మ వేసి అమ్మేంత పెద్ద విషయమూ కాదు.

మన తెలుగు పల్లెలదీ ఇలాంటి కథ ఒకటుంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ మొక్కజొన్న-సోయా పిండి, సోయానూనెతో చేసిన ఉప్మా పెట్టారు. పక్క పల్లెల్లోకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. రెండు చోట్ల పిల్లలూ 13-18 ఏళ్లకి వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, వారితో కలిసి పనిచేసిన పరిశోధకులు పరీక్షించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు కాస్త పొడవు పెరిగారు, వాళ్ల ధమనుల బిరుసు తక్కువగా ఉంది. బీపీ అంకెలో మాత్రం గట్టి తేడా లేదు. దీన్ని నూనె ఖాతాలో వేయలేం, అందులో పిండి ఉంది, ప్రోటీన్ ఉంది. కానీ బీపీ అంకె పెరగకముందే నాళం గోడలో మార్పు మొదలవుతుందన్న సంగతికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇక రోడ్డు మీదికి వద్దాం. సాయంత్రం బడి వదిలే వేళకి ట్యూషన్ సెంటర్ల సందుల్లో బజ్జీ బండి దగ్గర ఒక్క నిమిషం ఆగి బాణలిలోకి చూడండి. తాజా నూనె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. పాత నూనె కాఫీ రంగుకి తిరిగి, చిక్కబడి, పిండి పడగానే సన్నటి నురగ కక్కుతుంది, ఆ నురగ ఒక పట్టాన అణగదు. జంట బంధాలున్న చోటే ఆక్సిజన్ పట్టుకుంటుంది కాబట్టి ‘మంచి’ నూనెలే ఇక్కడ ముందు చెడిపోతాయి. ఇలా పుట్టేవాటిని పోలార్ పదార్థాలంటారు. నూనెలో ఇవి 25 శాతం దాటితే వాడకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. స్పెయిన్‌లో పరిశోధకులు ఇళ్లకి వెళ్లి, వంటింట్లో వేపుళ్లకి వాడుతున్న నూనెనే పట్టుకొచ్చి పరీక్షించారు. పోలార్ పదార్థాలు ఎక్కువున్న ఇళ్లలో బీపీ ఉన్న పెద్దలూ ఎక్కువే. అది పిల్లల మీద చేసిన కొలత కాదు. అయినా ఆ బజ్జీతో పాటు ఉప్పూ లోపలికి పోతోందని మరిచిపోకూడదు. ఉప్పు విడిగా, కొవ్వు విడిగా తినే పిల్లలు ఎక్కడా ఉండరు.

రెండేళ్ల లోపు పిల్లలకి మాత్రం కొవ్వు తగ్గించే ఆలోచనే పెట్టుకోకండి. తల్లిపాలలోని శక్తిలో సుమారు సగం కొవ్వు నుంచే వస్తుంది, మెదడు కట్టుబడికి అది కావాలి. పెద్ద పిల్లలకి చెనిక్కాయ నూనె మాన్పించాల్సిన పని లేదు. బడిలో ఇచ్చే చిక్కీ మీద కోపం తెచ్చుకోవాల్సిన పనీ లేదు. ప్రసాదం లడ్డూని నేను లెక్కలోకే తీసుకోను.

లోటున్నది ఒమేగా-3లో కాబట్టి అక్కడే చూడాలి. చేపలు తినే ఇళ్లలో కవళ్లు, కానాగడతలు వంజరం కన్నా చవక, వీటిలో ఈపీఏ, డీహెచ్ఏ దండిగా ఉంటాయి. వారానికి ఒకటి రెండుసార్లు పులుసు పెడితే చాలు, వేపుడు కన్నా పులుసే మేలు. శాకాహారులకి చేను గట్ల మీద డబ్బు పెట్టకుండా దొరికే గంగబాయిలాకు ఉంది. ఆకుకూరల్లో ఒమేగా-3కి పేరున్నది ఇదే. పప్పులో వేస్తే ఆ కొద్దిపాటి పులుపుకి పిల్లలు పేచీ పెట్టకుండా తింటారు. గ్రీసులో ఈ ఆకు మేసి తిరిగే కోళ్ల గుడ్లలో ఒమేగా-3 ఎక్కువుందని 1980ల్లోనే చూశారు. మన పెరటి కోళ్లూ గట్ల మీద ఇలాగే మేస్తాయి.

అవిసెగింజల నూనెలో సగానికి పైగా ఒమేగా-3నే. గింజలు గింజలుగా తింటే చాలావరకు అరక్కుండానే బయటికి పోతాయి. సన్న సెగ మీద దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో కారప్పొడి కొట్టి ఇడ్లీలోకి పెట్టండి, ఉప్పు కాస్త చెయ్యి బిగబట్టి వేయండి. ఒకేసారి నెలకి సరిపడా కొట్టకుండా, వారానికి సరిపోయేంత కొట్టి మూత గట్టి డబ్బాలో పెట్టుకోండి. పొడయ్యాక అది తొందరగా సిక్కు వాసన పట్టేస్తుంది.