సీతాఫలం గింజకు పిడుదైనా కుక్కైనా ఒకటే

పెంపుడు కుక్కకు పట్టిన పిడుదులు పోవడానికి సీతాఫలం గింజలను నూరి, నూనెలో కలిపి పూయవచ్చా అని మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. బాలానగర్ సీతాఫలానికి పేరున్న ప్రాంతం నుంచి ఈ ప్రశ్న రావడం సహజమే. తలలో పేలకు ఈ పొడి పెట్టడం పాత అలవాటు. దీనితో పిడుదులు చస్తాయి. అవి ఎలా చస్తాయో తెలుసుకున్నవారు మాత్రం కుక్కకు పూయడానికి వెనకాడతారు.

గింజలో స్క్వామోసిన్ వంటి అసిటోజెనిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి. వాటి దెబ్బ తగిలేది మైటోకాండ్రియాకు. అది కణానికి శక్తి కేంద్రమని రాయించి పాఠం ముగించే మన బడులు ఆ కేంద్రం నడిచే తీరు చెప్పవు గనుక, నల్గొండ వారికి తెలిసిన నాగార్జునసాగర్‌నే తీసుకుందాం. అక్కడ వెనక్కి కూడా తిప్పగల టర్బైన్లు దిగువ నీటిని జలాశయంలోకి తోడిపోస్తాయి. ఆ నీరే మళ్లీ కిందికి దూకి విద్యుత్తును పుట్టిస్తుంది. మైటోకాండ్రియా లోపలి పొర ఆనకట్ట అయితే ప్రోటాన్లు నీరు. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు కాంప్లెక్స్-1 అనే పంపు గుండా, వాటిని అందుకుని మోసే అణువైన యుబిక్వినోన్‌ను చేరేటప్పుడు, ప్రతి 2 ఎలక్ట్రాన్లకు 4 ప్రోటాన్లు పొర అవతలికి వెళ్తాయి. అవి తిరిగి దిగుతూ తిప్పే టర్బైనే కణం ఖర్చుచేసే ఇంధనమైన ఏటీపీని తయారుచేస్తుంది. అసిటోజెనిన్ సరిగ్గా యుబిక్వినోన్ ఉండవలసిన చోట తిష్ఠ వేస్తుంది. ఎలక్ట్రాన్లకు దారి మూసుకుపోయి, పంపు ఆగి, మట్టం పడిపోయి, టర్బైన్ నీరసిస్తుంది. కాంప్లెక్స్-2 అనే పక్కదారి మీదుగా వచ్చే ఎలక్ట్రాన్లు ఈ లోటును పూడ్చలేవు. శక్తిని విపరీతంగా ఖర్చుచేసే నాడీకణాలకు ఇది మరీ ప్రమాదం.

ఈ పంపు పిడుదులోనూ కుక్కలోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. కుక్కను కాపాడేవి దాని పరిమాణం, చర్మం, కాలేయం మాత్రమే. మందు చెట్టునుంచి వచ్చిందన్న మాట కాదు. పూసినదాన్ని కుక్క నాకితే చర్మమనే అడ్డు కూడా ఉండదు. ఒళ్లంతా నాకే పిల్లికి ముప్పు ఇంకా ఎక్కువ. మింగిన గింజ గట్టి పెంకు వల్ల చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నూరినప్పుడే విషం బయటపడుతుంది. తలకు పెట్టుకున్న పొడి కంట్లో పడి కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) తీవ్రంగా దెబ్బతిన్న సంఘటనలు మనుషుల్లోనే నమోదయ్యాయి.

పైగా పిడుదు మోసుకొచ్చే ఎర్లీకియా, బబీసియా అనే రోగక్రిములు అప్పటికే నెత్తురులో చేరి ఉంటే ఏ పైపూతా వాటిని అందుకోలేదు, మెడలో కట్టే నల్లతాడు అసలే అందుకోలేదు. జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, తిండి మానేసినా పశువైద్యుని చేత నెత్తురు పరీక్ష చేయించాలి. పిడుదులు నాలుగైదే ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగేస్తే చాలు. ఎక్కువగా ఉంటే కుక్క బరువును బట్టి వైద్యుడు ఇచ్చే పిడుదుల మందు వాడాలి.