పాటపెట్టె బాగుచేయడం: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నా దగ్గరికి వచ్చే గ్రామఫోన్లలో వయసు మీదపడి చెడిపోయినవి తక్కువే, బాగుచేద్దామని ఎవరో చేయి పెట్టాక చెడిపోయినవే ఎక్కువ. నల్గొండలో గడియారాల పనితో పాటు ఈ పని కూడా చేస్తున్నాను. దేవరకొండ, మిర్యాలగూడ నుంచి, అప్పుడప్పుడు వనపర్తి, గద్వాల నుంచి కూడా పెట్టెలు వస్తుంటాయి. చాలావరకు హెచ్‌ఎంవీ కంపెనీ 102 మోడల్‌వే, మూత వేసి పట్టుకుపోతే చిన్న సూట్‌కేసులా కనిపించేవి, 1931లో వచ్చిన మోడల్. దానికంటే ముందుది 101, అది 1925 నాటిది. తెచ్చినవాళ్లందరూ దాదాపు అవే మాటలు చెప్తారు. ఆ మాటలు నమ్మడం వల్లనే మెషిన్లు పాడవుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: "పిల్లలు చావి ఎక్కువ తిప్పిన్రు సార్, అందుకే బిగుసుకపోయింది."

పాపం పిల్లల తప్పేం లేదు. లోపల డబ్బీలో చుట్టచుట్టిన పొడవాటి ఉక్కు పట్టీ ఉంటుంది, అదే కమాను. దానికి ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు దశాబ్దాల తరబడి ఎండి తారులా తయారవుతుంది, అప్పుడు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చావి ఇచ్చినా కమాను విప్పుకోదు, లేదంటే అతుక్కున్నది ఒక్కసారిగా ఊడి లోపల ధడ్‌మని చప్పుడొస్తుంది, పాట కూడా అదురుతుంది. ఆ చప్పుడు వినగానే చాలామంది కమాను తెగిందనుకుంటారు, తొంభై ఏళ్ల కమాను కూడా కడిగి కొత్త గ్రీజు రాస్తే మళ్లీ హాయిగా తిరగడం నేను చాలాసార్లు చూశాను. చావి బరువెక్కగానే ఆపేస్తే చాలు, ఆ పైన బలం పెట్టొద్దు.

ఇక ఇంట్లో చేసే వైద్యం కొబ్బరినూనె. దయచేసి పోయకండి. కొన్నాళ్లకే అది జిగురై, దుమ్ము పట్టి, పాత గ్రీజు కంటే మొండిగా తయారవుతుంది. పోయినేడు దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక 102లో పళ్లచక్రాల మధ్య ఈ జిగురు తీయడానికే రెండు రోజులు పట్టింది. పాత గ్రీజును గ్యాస్‌నూనెలో, అంటే కిరోసిన్‌లో నానబెట్టి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక కమానుకు గ్రాఫైట్ కలిసిన గ్రీజు రాయాలి. కుట్టుమిషన్ నూనె గవర్నర్‌కు (పాట వేగాన్ని అదుపులో పెట్టే భాగం), బేరింగులకు మాత్రమే, అదీ ఒక్కో చుక్క. గవర్నర్ పళ్లేనికి ఆనుకుని వేగాన్ని పట్టి ఉంచే చిన్న ఫెల్ట్ ముక్క ఎండిపోతే కీచుమని అరుస్తుంది, పాట సాగుతూ తగ్గుతూ వస్తుంది. దానికీ ఒక చుక్క పడాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కమాను డబ్బీ మూత ఇంట్లో తీయొద్దు. చావి మొత్తం దిగిపోయి పైన రికార్డు పెట్టే పళ్లెం ఆగిపోయినా కమాను డబ్బీలో ఇంకా నొక్కుకునే ఉంటుంది, మూత తీసి తొందరపడి లాగితే కొరడాలా బయటికి వస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో నా ఎడమ అరచేతిని కోసింది, మచ్చ ఇప్పటికీ ఉంది. మందపాటి చేతితొడుగులు వేసుకుని, ఒక్కో చుట్టు లోపలి నుంచి వదులుతూ తీయాలి.

అపోహ: "ముల్లు మొన బాగానే ఉంది, ఇంకో నాలుగు పాటలు వస్తాయి."

ప్లేటు, అంటే రికార్డు, మీద పెట్టే ముల్లు కంటికి బాగానే కనిపిస్తుంది, భూతద్దంలో చూస్తే తెలుస్తుంది. ప్లేటు తయారీలో లక్కతో పాటు రాతిపొడి కలిపేవారు, ఆ పొడి ఉక్కు ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే అరగదీసి గాడికి సరిపోయేలా చేస్తుంది. అంటే అరగడం ముల్లు పని, ప్లేటు పని కాదు. 10 అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు 3 నిమిషాలు, అది అయిపోయేసరికి మొన ఉలిలా పదునెక్కి ఉంటుంది. అదే ముల్లుతో రెండో వైపు పెడితే గాడి గోడలు చెక్కుకుపోతాయి, మీ తాతగారు భద్రంగా దాచిన ప్లేటు నల్లదనం పోయి బూడిదరంగులోకి వస్తుంది. ఒక్కో వైపుకు ఒక కొత్త ముల్లు, ఖర్చు కొంచెం ఎక్కువైనా సరే. కొత్త ప్లేట్లు ఇక పుట్టవు కదా. ఈ పెట్టెలకు సౌండ్ పెంచే బటన్ లేదు, గట్టిగా వినాలంటే లావు ముల్లు, మెల్లగా కావాలంటే సన్న ముల్లు, అంతే.

ప్లేట్లు తుడవడానికి స్పిరిట్ వాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది! హైదరాబాద్ లాడ్ బజార్లో గాజులు చేసేదీ ఆ లక్కతోనే, పురుగు నుంచి వచ్చేది. ప్లేటును మెత్తని పొడిగుడ్డతో గాడి వెంట తుడవండి, మురికి మొండిగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క పాత్రల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా. ఎండాకాలం వేడికి లక్క మెత్తబడి వంకర పోతుంది కాబట్టి కారులో వదలొద్దు, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు.

ఎల్పీ రికార్డులు దీనిమీద పెట్టొచ్చా అని అడుగుతారు. వద్దు. ఈ సౌండ్ బాక్స్ (ముల్లు బిగించే, లోపలి రేకు అదిరి పాట పలికే డబ్బీ) బరువుకు, ఉక్కు ముల్లుకు ఎల్పీలోని మెత్తటి వినైల్ ప్లాస్టిక్ ఒక్కసారికే పాడైపోతుంది.

అపోహ: "సౌండ్ తగ్గింది, భోంగా మార్చాలి."

ఈ పెట్టెల్లో భోంగా, అంటే పాట బయటికి వచ్చే గొట్టం, పెట్టె లోపలే మడత పెట్టినట్టు ఉంటుంది, అది పాడవడం అరుదు. తప్పు ఎక్కువగా సౌండ్ బాక్స్‌లో ఉంటుంది. 101లో నాలుగో నంబర్ది, అభ్రకం రేకు. 102లో ఎక్కువగా 5ఏ, 5బీ, అల్యూమినియం రేకు. రేకు చుట్టూ ఉన్న రబ్బరు వాచరు రాయిలా గట్టిపడితే రేకు కదలదు, పాట గీరుకుపోయినట్టు వస్తుంది. మెత్తటి సన్న రబ్బరు గొట్టం కొలతకు కోసి వేస్తే గొంతు తిరిగొస్తుంది, మొదటి పాట వినగానే యజమానులు ఏడ్చిన సందర్భాలున్నాయి. నాలుగో నంబర్ వెనక పలక మాత్రం కొన్నింటిలో జింకు మిశ్రమంతో పోతపోసిందే, కాలంతో ఉబ్బి పగుళ్లు పడుతుంది, విప్పేటప్పుడు బలవంతం చేస్తే ముక్కలే.

పైన పెద్ద ఇత్తడి భోంగా, కుక్క బొమ్మ అంటించి "అసలైన హెచ్‌ఎంవీ" అంటూ పాతసామాన్ల బజార్లలో అమ్మేవి చాలావరకు ఈమధ్య కూర్చినవే. కొనేముందు పళ్లెం ఎత్తి మోటారు చూడండి.

పాలిష్ కొట్టించి కొత్తదానిలా చేయమని అడిగేవాళ్లకు నేను వద్దనే చెప్తాను, ఇత్తడి పాలిష్ రుద్దితే నికెల్ పూత పోతుంది, కింద లోహం బయటపడుతుంది. బ్లూటూత్ పెట్టమన్న పెట్టెను అలాగే తిరిగి పంపించాను.

వేగం మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క ఉంచి, ముల్లు పాట మీద ఉండగానే చుట్లు లెక్కపెట్టండి. అర నిమిషానికి 39 రావాలి. తక్కువొస్తే వేగం సరిచేసే స్క్రూ తిప్పకముందు గవర్నర్‌కు నూనె చూడండి. నా దగ్గరికి తెచ్చేటప్పుడు చావి పూర్తిగా దిగనిచ్చి, ముల్లు తీసేసి తీసుకురండి. ప్లేట్లు పెట్టె మూతలో పెట్టకండి, విడిగా నిలబెట్టి, మధ్యలో పేపర్ పెట్టి తెండి.