వేములవాడ సభ వెనక ఎనభై ఏళ్ల లెక్క

2024 మే 8 ఉదయం ప్రధాని నరేంద్ర మోదీ వేములవాడ రాజన్న గుడికి వచ్చి కోడె మొక్కు చెల్లించుకున్నారు. కాసేపటికే అదే ఊళ్లో ఎన్నికల సభ. అంబానీ, అదానీలను రోజూ తిట్టే కాంగ్రెస్ యువరాజు ఉన్నట్టుండి ఎందుకు ఆపేశారు, టెంపోల్లో ఎంత నల్లధనం ముట్టింది అని అక్కడ అడిగారు. ఆ ఇద్దరి పేర్లూ మోదీ నోటి నుంచి రావడంతో దేశమంతా ఆ మాటే పట్టుకుంది. కోడె మొక్కు ఫొటో వరకే మిగిలింది.

ఆ ఎన్నికల్లో మతం, ఆస్తి కలిసిపోయిన గొడవకు బీజం పడింది కూడా తెలంగాణ గడ్డ మీదే. ఏప్రిల్ 6న హైదరాబాద్ పక్కన తుక్కుగూడ సభలో రాహుల్ గాంధీ కులగణనతో పాటు దేశ సంపద ఎవరి చేతిలో ఉందో తేల్చే సర్వే కూడా చేయిస్తామన్నారు. పదిహేను రోజులకు రాజస్థాన్‌లోని బాంస్వాడాలో మోదీ దానికి ఇంకో అర్థం చెప్పారు: కాంగ్రెస్ వస్తే మీ బంగారం లెక్కగట్టి, మంగళసూత్రాలు కూడా వదలకుండా, ముస్లింలకు పంచిపెడుతుందని. బంగారం లాక్కుంటామన్న మాట కాంగ్రెస్ మ్యానిఫెస్టోలో ఎక్కడా లేదు. అయినా ఆస్తి పంపకం ప్రశ్న రెండు వారాల్లోనే మతం ప్రశ్న అయిపోయింది. ఉత్తర తెలంగాణలో అట్లా మారడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

నిజాం రాజ్యం చివరి రోజులను ఇప్పటికీ రెండు రకాలుగా చెప్తారు. రాజు ముస్లిం, జనం హిందువులు, రజాకార్ల దౌర్జన్యం అన్నది ఒక కథ. భూమి దొరది, చెమట రైతుది, వెట్టి అందరిదీ అన్నది ఇంకొకటి. రెంటికీ సాక్ష్యం ఉంది. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా పట్టుకొచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి జనాన్ని ఊచకోత కోశారు. అయితే జనగామ వైపు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి హిందువే. ఆయన మనుషుల చేతిలో కామారెడ్డిగూడెంలో హతమైన రైతు బందగీ ముస్లిం. పాలకుర్తిలో పంట కోసం ఆయనకు ఎదురు నిలబడిన చాకలి ఐలమ్మ, 1946లో కడవెండిలో ఆయన గడీ నుంచి వచ్చిన తూటాకు బలైన దొడ్డి కొమరయ్య హిందువులు. దేశ్‌ముఖ్‌లూ రజాకార్లూ చాలాచోట్ల ఒకే వైపున్నారు. ఈ లెక్క మొదటి కథలో ఇమడదు.

సెప్టెంబర్ 17ను ఏ పేరుతో పిలవాలో పార్టీలకు నేటికీ కుదరకపోవడానికి కారణం ఇదే. బీజేపీకి విమోచన దినం, కమ్యూనిస్టులకు విలీనం. కేసీఆర్ ప్రభుత్వం సమైక్యతా దినమంది, రేవంత్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. ఈ రెండు దారులూ ఒకే ఇంట్లోంచి పోయిన సందర్భమూ ఉంది. సిరిసిల్ల నుంచి సీపీఐ ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రాజేశ్వరరావు, కరీంనగర్ నుంచి బీజేపీ ఎంపీగా గెలిచి వాజ్‌పేయి ప్రభుత్వంలో మంత్రి అయిన విద్యాసాగర్‌రావు సొంత అన్నదమ్ములు.

ఇక 1984. ఇందిర హత్య తర్వాత వచ్చిన ఎన్నికల్లో బీజేపీకి దేశం మొత్తమ్మీద రెండే సీట్లు వచ్చాయి. గుజరాత్‌లో మెహసానా, ఇక్కడ హన్మకొండ. ఇక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో 54 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడింది పి.వి.నరసింహారావు. ఓరుగల్లులో హిందుత్వ అప్పుడే వేళ్లూనిందనడానికి దీన్ని రుజువుగా చూపే అలవాటు కొందరికి ఉంది. అది అతికించుకున్న అర్థం. ఎన్టీఆర్ గాలి వీస్తోంది, తెలుగుదేశం ఆ సీటును పొత్తులో బీజేపీకి వదిలింది, జంగారెడ్డి జనసంఘ్ నాటి నుంచి ఊరూరా తెలిసిన మనిషి. పైగా ఆనాటి బీజేపీ సిద్ధాంతం గాంధేయ సోషలిజం. అయోధ్య గుడి పార్టీ తీర్మానంలోకి ఎక్కింది 1989 జూన్‌లో, పాలంపూర్‌లో. అంటే హన్మకొండలో కమలం గెలిచినప్పుడు దాని చేతిలో రాముడూ లేడు, మార్కెట్టూ లేదు.

ఆ రెండింటికీ తలుపు తీసిందెవరని అడిగితే వేలు మళ్లీ ఓడిపోయిన మనిషి వైపే చూపించాలి. పీవీ నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, వంగర భూస్వామి కుటుంబంలో పెరిగారు. చదువుకునే రోజుల్లో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురై నాగ్‌పూర్ పోయి చదువుకున్నారు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక భూపరిమితికి పూనుకుని, భూములున్న సొంత వర్గానికే కంట్లో నలుసయ్యారు. జై ఆంధ్ర ఉద్యమ కాలంలో, 1973 జనవరిలో పదవి పోయింది. భూమి పంచాలన్న అదే మనిషి ప్రధానిగా ఉండగా 1991 జులై 24న మన్మోహన్ బడ్జెట్, అదే రోజు వచ్చిన పారిశ్రామిక విధానం లైసెన్సు రాజ్యానికి తెర దించాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో, 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనాస్థలం ఎట్లా ఉందో అట్లాగే ఉండాలన్న చట్టం తెచ్చారు, అయోధ్యను మినహాయించి. మరుసటి ఏడాది డిసెంబర్ 6న ఆ మినహాయించిన మసీదే కూలింది. కాంగ్రెస్ ఆయన్ను చాలా ఏళ్లు దూరం పెట్టింది. చివరకు 2024 ఫిబ్రవరి 9న మోదీ ప్రభుత్వం భారతరత్న ప్రకటించింది, రథయాత్ర నడిపిన అద్వానీకి ప్రకటించిన ఆరు రోజులకు. రథం తోలినవారికీ, ఆపలేకపోయారని మాట పడ్డవారికీ ఒకే వారంలో ఒకే బిరుదు దక్కిందని వరంగల్‌లో నవ్వుకున్నవాళ్లు లేకపోలేదు.

పీవీ భూపరిమితి చట్టం కాగితం మీద ఎట్లా ఉన్నా, పల్లెల్లో భూమి లెక్కను కదిలించింది మాత్రం నక్సలైట్లు. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలని ప్రకటన. 1980లో పీపుల్స్‌వార్ పెట్టిన కొండపల్లి సీతారామయ్య అంతకుముందు కాజీపేటలో హిందీ పంతులు. దొరలు గడీలకు తాళం వేసి పట్నం పోయారు. రెండు తరాల పాటు ఇక్కడ డబ్బున్నోడంటే ముందు అనుమానమే. ఎక్కడ సంపాదించిండు, ఎవని నోరు కొట్టిండు అన్నదే మొదటి ప్రశ్న.

అన్నలు పోయారు, ఎన్‌కౌంటర్లు మిగిలాయి. తర్వాత డబ్బు కొత్త దారుల్లో వచ్చింది: గ్రానైటు, రైస్ మిల్లులు, ప్రైవేటు కాలేజీలు, కాంట్రాక్టులు, ప్లాట్లు, జగిత్యాల, నిజామాబాద్ పల్లెలకు గల్ఫ్ పైసలు. ఈ కొత్త డబ్బుకు ఊళ్లో మర్యాద కావాలి. గడీ కట్టుకుంటే ఆ మర్యాద రాదు, పాత కోపం ఇంకా చల్లారలేదు. గుడి కట్టిస్తే వస్తుంది. ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు, అర్చన మంటపం, గోడ మీద దాతల పేర్ల శిలాఫలకం. కొండగట్టు హనుమాన్ దీక్షలకు అన్నదానం పెట్టినాయన ఏం వ్యాపారం చేస్తాడని ఎవరూ ఆరా తీయరు. నా లెక్కలో ఉత్తర తెలంగాణలో మత రాజకీయానికి నేల చదును చేసిన వాటిలో పెద్దది ఇదే. మసీదు గొడవలు, యువజన సంఘాలు, శోభాయాత్రలు ఆ తర్వాతివి.

మొక్కు సంగతి వేరు. కోడె మొక్కులో టికెట్ కొని, తాడు పట్టుకుని, కోడెతో గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, దాన్ని తీసుకెళ్లి కట్టేయాలి. కూలికైనా ప్రధానికైనా పని ఒకటే. ఆ ఆవరణలోనే దర్గా ఉంది, రాజన్నకు మొక్కినవాళ్లు అక్కడా మొక్కుతారు. మొక్కు అంటే దేవుడికి పడ్డ బాకీ. తీర్చాల్సింది మొక్కినవాళ్లు, వాళ్ల సొంత జేబు నుంచి.

కేసీఆర్ బంగారం మీద వచ్చిన రచ్చకు మూలం అక్కడుంది. తెలంగాణ వస్తే చెల్లిస్తానని మొక్కుకున్న మొక్కుల కింద 2016 అక్టోబర్‌లో వరంగల్ భద్రకాళికి సుమారు 3.7 కోట్ల స్వర్ణకిరీటం, 2017 ఫిబ్రవరిలో తిరుమల వెంకన్నకు 5 కోట్లకు పైగా నగలు, అదే వారం శివరాత్రి నాడు కురవి వీరభద్రుడికి బంగారు మీసాలు. అమ్మవారికి బంగారం ఎందుకని ఓరుగల్లులో పెద్దగా ఎవరూ అడగలేదు. మొక్కు ఆయనది, పైసలు సర్కారువి ఎట్లయితయని అడిగారు. సమాధానం తేలేలోపే 2019 వచ్చింది. కరీంనగర్ సభలో కేసీఆర్ ‘హిందూగాళ్లు, బొందుగాళ్లు’ అన్న మాట జారారు. అంతే, కిరీటాలూ మీసాలూ లెక్కలోంచి పోయాయి, ఆ ఒక్క మాట ఫోన్లలో తిరిగింది. కరీంనగర్‌లో బీజేపీ అభ్యర్థి బండి సంజయ్ గెలిచారు.

అదే ఎన్నికలో నిజామాబాద్ చూస్తే కథ ఇంకోరకం. పసుపు, ఎర్రజొన్న ధరల మీద కోపంతో 170 మందికి పైగా రైతులు తామే నామినేషన్లు వేశారు. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చి ముఖ్యమంత్రి కూతురు కవితను ఓడించారు. ఆ బోర్డు మొదలైంది 2025 సంక్రాంతికి. హిందుత్వ గాలి అని ఢిల్లీలో రాసుకున్న సీటు అది. గాలి లేదనను, బాండ్ పేపర్ మాత్రం పసుపు గురించి రాసిందే.

2024లో బీజేపీకి రాష్ట్రంలో 8 సీట్లు వచ్చాయి. ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్ నిలిచాయి. వరంగల్, పెద్దపల్లి, మహబూబాబాద్ కాంగ్రెస్‌కు పోయాయి. మోదీ వేములవాడ వచ్చిన రోజే వరంగల్‌లోనూ సభ పెట్టారు, అక్కడ ఫలితం దక్కలేదు. ఆ మూడూ ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు సీట్లు కావడం గమనించాలి, అయితే ఆదిలాబాద్ కూడా ఎస్టీ సీటే కాబట్టి దాన్నే సూత్రం చేసుకోలేం.

సమ్మక్క-సారలమ్మ జాతర జరిగే మేడారం మాత్రం ఈ పార్టీలు వేటి లెక్కకూ సరిగ్గా అందదు. అక్కడ విగ్రహం లేదు, పూజారులు కోయలు, కానుక మనిషి బరువంత బెల్లం. దాన్ని జాతీయ పండుగగా ప్రకటించాలని ఇక్కడి ప్రభుత్వాలు ఢిల్లీని అడుగుతూనే ఉన్నాయి, కుంభమేళాకిచ్చే నిధులతో పోల్చి దెప్పుతూనే ఉన్నాయి. జాతర ముగిశాక హుండీలు హన్మకొండ టీటీడీ కళ్యాణమండపానికి చేరుతాయి. అక్కడ రోజుల తరబడి లెక్కింపు: తడిసిన నోట్లు ఆరబెట్టడం, చిల్లర వేరుచేయడం, బియ్యం, బెల్లం దులపడం. 2022లోనూ 2024లోనూ పది కోట్లు దాటింది. 2024లో హుండీలు తెరిస్తే గాంధీ బొమ్మ ఉండాల్సిన చోట అంబేద్కర్ బొమ్మ అచ్చేసిన నకిలీ నోట్లు కొన్ని బయటపడ్డాయి, కరెన్సీ మీద ఆయన బొమ్మ వేయాలన్న డిమాండ్‌తో ఎవరో వేసినవి. లోక్‌సభ ఎన్నికల షెడ్యూల్ ఇంకా రాలేదు అప్పటికి.