"ఈ వారం కొత్తదేంటి సార్?": బ్లూస్ గిటార్ సాధనలో అపోహలు, వాస్తవాలు

ఆదివారం పొద్దున క్లాసుకి వచ్చేవాళ్లలో సగం మంది గిటార్ సంచి జిప్పు తీయకముందే అడిగే ప్రశ్న ఇది. విశాఖలో మా ఇంటి ముందు గదిలో పదకొండేళ్లుగా గిటార్ నేర్పుతున్నాను. సినిమా పాటలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ, బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల్లోంచి పుట్టిన సంగీతం) కోసం వచ్చేవాళ్లు తక్కువ. ఆ తక్కువలోనూ చాలామంది ఆరో వారానికీ పదో వారానికీ మధ్య కనబడకుండా పోతారు. వాళ్లలో చేతకానివాళ్లు ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు నిజానికి బాగానే ముందుకెళ్తుంటారు, ఆ సంగతి వాళ్లకే తెలీదు.

అపోహ: వారానికో కొత్త విషయం వస్తేనే ముందుకెళ్తున్నట్టు.

బ్లూస్‌లో నేర్చుకోవాల్సిన సరుకు చాలా కొంచెం. మూడు కార్డులు (కలిపి మీటే స్వరాల గుత్తులు, ఇక్కడ ఏ7, డి7, ఈ7), పన్నెండు బార్లు (బార్ అంటే తాళంలో నాలుగు బీట్ల ముక్క). మొదటి నాలుగు బార్లు ఏ7, తర్వాత రెండు డి7, మళ్లీ రెండు ఏ7. ఆపైన ఈ7 ఒకటి, డి7 ఒకటి, ఏ7 ఒకటి, చివర్లో మళ్లీ మొదటికి తిప్పడానికి ఇంకో ఈ7. అంతే. (ఒక కుర్రాడు ఇంట్లో ఫోన్‌లో "ఈ వారం పన్నెండు బార్లూ పూర్తి చేశాను సార్" అని నాతో అంటుంటే వాళ్లమ్మగారు విన్నారు. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. అప్పట్నుంచి కొత్తవాళ్ల ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెడుతున్నాను.)

బార్‌కి నాలుగు బీట్ల చొప్పున ఒక చుట్టుకి 48 బీట్లు. మెట్రోనోమ్ (తాళం టిక్‌టిక్‌మని కొట్టే సాధనం) 60 మీద, అంటే నిమిషానికి 60 బీట్ల మీద, పెడితే 48 సెకన్లలో చుట్టు పూర్తవుతుంది. ఇరవై నిమిషాలు కూర్చుంటే 25 చుట్లు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఒక్క పూటలోనే పాతికసార్లు తిరిగే చోట "కొత్తది" అంటూ ఏముంటుంది? మారేదల్లా ఆ చుట్టు వాయించే తీరు. మొదటి వారం డి7 దగ్గరికి చెయ్యి ఆలస్యంగా చేరుతుంది. మూడో వారం సమయానికే చేరుతుంది కానీ ఆ కంగారులో తాళం వేస్తున్న కాలు ఆగిపోతుంది. ఆరేడు వారాలకి కాలు దాని మానాన అది ఆడుతుంటుంది, పక్కవాళ్లు ఏదన్నా అడిగితే తల ఊపగలుగుతారు. పదో వారానికి చెయ్యి ఆపేసినా లోపల చుట్టు తిరుగుతూనే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ "ఈ వారం ఇది నేర్చుకున్నాను" అని స్నేహితుడికి చెప్పుకోలేం. కానీ బ్లూస్ వాయించడం అంటే ఇదే.

షఫుల్, అంటే బ్లూస్‌లో కుంటుతున్నట్టు సాగే లయ, దాని సంగతీ అంతే. ఇంగ్లిష్ వీడియోల్లో దీన్ని ట్రిప్లెట్ అనీ, స్వింగ్ అనీ చెప్పి గీతలు గీసి చూపిస్తారు. నేను ఒక్క ముక్కలో చెప్తాను: ప్రతి బీట్‌కీ "తకిట" అనుకోండి, "కి" మింగేయండి. త-ట, త-ట, త-ట. అర్థం కావడానికి ఒక నిమిషం చాలు. మింగిన "కి" ఎంతసేపుండాలో చేతికి తెలియడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఆ "కి"ని తొందరగా మింగేస్తే మార్చ్‌పాస్ట్ బ్యాండులా ఉంటుంది.

అపోహ: బ్లూస్ పుట్టుకతో రావాలి, సాధనతో వచ్చేది కాదు.

ఈ మాట వెనకాల ఒక పెద్ద కథే ఉంది. అమెరికాలోని మిసిసిపీలో రాబర్ట్ జాన్సన్ అనే కుర్రాడు నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి దెయ్యానికి ఆత్మను అమ్ముకుని గిటార్ విద్య తెచ్చుకున్నాడని చెబుతారు. 1911లో పుట్టి 1938లో, 27 ఏళ్లకే పోయాడు. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో రికార్డు చేసిన 29 పాటలే అతను వదిలి వెళ్లిన ఆస్తి. తర్వాతి తరం గిటారిస్టులు వాటిని విని విని అరగదీశారు.

కథలో దెయ్యాన్ని పక్కన పెడితే మిగిలేది ఇది. అప్పటికే పేరున్న బ్లూస్ గిటారిస్టు సన్ హౌస్ దగ్గర ఈ కుర్రాడు తచ్చాడేవాడు. మౌతార్గాన్ బాగానే వాయించేవాడు కానీ గిటార్ పట్టుకుంటే జనం విసుక్కునేవారని హౌసే తర్వాత చెప్పాడు. కొన్నాళ్లు కనబడలేదు. తిరిగి వచ్చి వాయిస్తే అందరూ నోరెళ్లబెట్టారు. ఆ మధ్యకాలంలో అతను తన సొంత ఊరు హేజిల్‌హర్స్ట్ వైపు వెళ్లి ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటారిస్టు దగ్గర నేర్చుకున్నాడు. రాత్రిళ్లు ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారట. అక్కడైతే ఎవరి నిద్రా చెడదు మరి. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ పక్క ఫ్లాట్ వాళ్లతో మాటలు పడే మా విద్యార్థులకి ఈ ముక్క చెబితే వెంటనే అర్థమైపోతుంది.

దూరం నుంచి చూసేవాళ్లకి జాన్సన్ వెళ్లడం, రావడం మాత్రమే కనబడ్డాయి. మధ్యలో వారాలు కనబడలేదు. ఆ ఖాళీలో దెయ్యాన్ని పెట్టుకున్నారు.

అపోహ: వారమంతా కుదరకపోయినా ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటే సరిపోతుంది.

సరిపోదు. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున ఆరు రోజులు చేస్తే రెండు గంటలే అవుతుంది, అయినా అదే గట్టిగా నిలుస్తుంది. చేతికి నేర్పిన పని నిద్రలో కుదురుకుంటుంది. ఆరు రాత్రుల నిద్ర ఒక రాత్రి నిద్రతో సమానం ఎలా అవుతుంది? పైగా నాలుగు గంటల్లో రెండో గంట నుంచి వేళ్లు అలిసి తప్పులే సాధన చేస్తుంటాయి.

అపోహ: వారానికి ఐదేసి బీట్ల చొప్పున వేగం పెంచుకుంటూ పోవాలి.

మెట్రోనోమ్ యాప్‌లో అంకె పెరుగుతుంటే సంతోషంగానే ఉంటుంది, కాదనను. కానీ బ్లూస్‌లో నన్ను ఎక్కువ కష్టపెట్టింది వేగం తగ్గించడమే. 50 మీద పెట్టి ఒక్క చుట్టు వాయించి చూడండి, బీట్‌కీ బీట్‌కీ మధ్య ఎంత చోటుందో, ఆ చోట్లో మనం ఎంత తూలుతున్నామో తెలుస్తుంది. సంగీతం నేర్చుకున్న ఇళ్లలో పిల్లలు సరళీ వరుసలు మూడో కాలంలో గబగబా పాడేసి, మొదటి కాలంలో దొరికిపోతారే, అచ్చం అలాగే.

అపోహ: కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకి బ్లూస్ నాలుగు వారాల్లో వచ్చేస్తుంది.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం. బ్లూస్ సోలోలకి మొదట నేర్పే మైనర్ పెంటటోనిక్ స్కేల్ (ఐదు స్వరాల వరుస) స్వరాలు చూడండి: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. శుద్ధ ధన్యాసి రాగం స్వరాలివే. గిటార్ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర పెట్టుకుంటే ఏ, సి, డి, ఈ, జి. కాబట్టి వీణో వయొలినో నాలుగైదేళ్లు వాయించిన పిల్ల మొదటి రోజే స్కేలు పట్టేస్తుంది. ఏ స్వరం ఎంత తక్కువ పలికిందో నాకంటే ముందే చెబుతుంది.

రెండో వారం నుంచి ఇబ్బంది మొదలు. మన దగ్గర తంబూరా శ్రుతి పాట మొదలు నుంచి చివరి దాకా ఒక్కటే, కాళ్ల కింద నేల కదలదు. బ్లూస్‌లో ఐదో బార్ రాగానే కింద కార్డు మారుతుంది. ఏ7 మీద ఒద్దికగా నిలిచిన స్వరమే డి7 మీద వేరే మనిషిలా వినబడుతుంది. రాగం చెడలేదు, స్వరం చెడలేదు, అయినా ఎక్కడో బెసికిన భావన. ఇది అలవాటు కావడానికి సంగీతం అసలు రానివాళ్లకి పట్టినంత కాలమే వీళ్లకీ పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే.

గాంధారం దగ్గర ఇంకో చిక్కు. ఏ7 కార్డులో ఉండేది అంతర గాంధారం, పైన సోలోలో మనం వాయించేది సాధారణ గాంధారం. పుస్తకం ప్రకారం రెండూ కొట్టుకోవాలి. బ్లూస్ వాళ్లు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉన్న చోటుని పట్టుకుంటారు, తీగని కొంచెం, అంటే కొంచెమే, తోస్తారు. ఆ చోటుకి పియానోలో మెట్టు లేదు. ఇక్కడ మాత్రం గమకం తెలిసిన చెవికి మిగతావాళ్లకి లేని సౌలభ్యం ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలన్నీ పలికించారు కదా, ఫ్రెట్ అనేది గోడ కాదని మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అపోహ: బెండింగ్ (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడం) రావట్లేదంటే వేళ్లలో బలం లేదు.

ముందు గిటార్ చూడండి. మన దగ్గర చాలామంది అకూస్టిక్ గిటార్‌తో మొదలుపెడతారు. దాని మూడో తీగ మామూలుగా చుట్టు తీగ, అంటే లోపలి తీగ మీద ఇంకో సన్నటి తీగ చుట్టి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ సెట్లలో అదే తీగ సాధారణంగా నున్నటి ఒంటి తీగ. వీడియోలో ఎలక్ట్రిక్ మీద వాయించేవాడు మూడో తీగని ఏడో ఫ్రెట్ దగ్గర పూర్తి స్వరం పైకి నెడుతుంటే, ఇక్కడ మనవాడు చుట్టు తీగతో కుస్తీ పట్టి, వేలు కోసుకుని, "నా వల్ల కాదు సార్" అంటాడు. అకూస్టిక్ మీద రెండో తీగతో మొదలుపెట్టండి. అర స్వరం బెండ్లు చాలు.

బలం వేలిది కూడా కాదు. ఉంగరం వేలు తీగ మీద ఉంటే దాని వెనకాల మధ్య వేలు, చూపుడు వేలు కూడా ఆనించి, బొటనవేలు మెడ పైనుంచి పట్టించి, తాళం చెవి తిప్పినట్టు మణికట్టు తిప్పాలి. సరిగ్గా పలికిందో లేదో పోల్చుకోవడానికి పక్క తీగే సాక్షి: రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్‌ని పూర్తి స్వరం బెండ్ చేస్తే, ఒకటో తీగ ఐదో ఫ్రెట్‌తో సమానంగా పలకాలి. ముందు ఆ ఐదో ఫ్రెట్ మీటి విని, తర్వాత బెండ్ చేయండి. నూటికి తొంభైసార్లు మనం తక్కువలోనే ఆగిపోతాం.

ఇక ఎప్పటికీ రానిది కూడా ఉంటుంది, దానికి దిగులు పడొద్దు. పేరుమోసిన బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్, తన బంధువు బుక్కా వైట్ స్లైడ్‌తో (తీగల మీద జార్చే గొట్టంతో) వాయించే నాదం కోసం ఎంత ప్రయత్నించినా స్లైడ్ చేతికి లొంగలేదు. ఆ నాదాన్నే ఉత్త వేలితో తెప్పించాలని తీగ మీద వేలు వణికించడం మొదలుపెట్టాడు. ఒక్క స్వరం వినగానే ఇది బీబీ కింగ్ అని లోకం గుర్తుపట్టేది ఆ వణుకుతోనే. కార్డులు తనకి సరిగా రావని కూడా ఆయనే చెప్పుకునేవాడు.

అపోహ: పోయిన వారం కంటే ఈ వారం ఘోరంగా వాయిస్తున్నానంటే వెనక్కి వెళ్తున్నట్టు.

ఆరేడు వారాలప్పుడు దాదాపు అందరూ ఈ మాట అంటారు. మానేసేదీ అప్పుడే. జరిగేదేంటంటే, చెవి చేతికంటే ముందు పెరుగుతుంది. రెండో వారంలో మీ షఫుల్ వంకరగానే ఉంది, మీకు వినబడలేదు. ఇప్పుడు వినబడుతోంది. నాకూ ఇది జరిగింది. స్నేహితుడి ఇంట్లో ఒక ఫంక్షన్‌లో, నలుగురి ముందు వాయిస్తూ ఐదో బార్‌కి బదులు నాలుగో బార్‌లోనే డి7కి దూకేశాను. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం నెల్లాళ్లు గిటార్ బయటికి తీయలేదు. మూడు నెలల ముందైతే దూకానని నాకే తెలిసేది కాదని చాలా ఆలస్యంగా తట్టింది.

దీనికి నాకు దొరికిన ఒకే మందు ఫోన్ రికార్డింగ్. ప్రతి ఆదివారం అదే కీ (శ్రుతి), అదే వేగం, ఒక్క చుట్టు, ఒక్కసారే. తప్పొచ్చినా మళ్లీ తీయకూడదు. తేదీ పెట్టి దాచేయండి. పోయిన వారం దానితో పోల్చొద్దు, తేడా తెలియక నీరసం వస్తుంది. ఎనిమిది వారాల కిందటిది తీసి వినండి. ఆ పని చేసిన ఒక విద్యార్థి, బ్యాంకులో ఉద్యోగం చేసే పెద్దాయన, నా ఎదురుగానే విని "ఇది నేనేనా మాస్టారూ, మరీ అంత దారుణంగానా?" అని పడీ పడీ నవ్వారు.

అపోహ: సాధన అంటే నిండుగా, ఖాళీ లేకుండా వాయించడం.

పాత బ్లూస్ పాటల్లో చరణం సాధారణంగా ఎలా ఉంటుందంటే, ఒక పంక్తి పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పంక్తిలో ముగింపు చెబుతారు. పంక్తికి నాలుగు బార్లు. గొంతు దాదాపు రెండు బార్లు తీసుకుంటే మిగతా రెండూ గిటార్‌వి. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంత అందుకున్నట్టు. కథకుడు మాట్లాడుతుండగా వంత మధ్యలో దూరితే ఎలా ఉంటుంది? అందుకే నేనిచ్చే ఇరవై నిమిషాల్లో ఐదు నిమిషాలు ఇదే: రెండు బార్లు చేతులు కట్టుకుని నోటితో ఏదో ఒకటి కూనిరాగం తీయండి, రెండు బార్లు గిటార్‌తో జవాబు చెప్పండి. సిగ్గు వల్ల చాలామంది దీన్ని ఎగ్గొడతారు. చేసినవాళ్ల సోలోలు మాత్రం నాకు గోడ అవతల నుంచి విన్నా తెలిసిపోతాయి.

వేళ్ల నొప్పి గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క మాట. చివర్లు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అంతవరకు మంట మామూలే. మణికట్టులో పోటు మాత్రం మామూలు కాదు, ఆ రోజుకి ఆపేయండి. తీగలు ఫ్రెట్లకి మరీ ఎత్తుగా ఉన్నా ఇలాగే అవుతుంది. గిటార్ రిపేరు చేసేవాళ్లకిచ్చి దించించుకోండి.

నా దగ్గరా ఒక నోట్‌బుక్ ఉంది, క్లాసులో అందరికీ చూపిస్తాను. ఈ వారం పేజీలో మూడు ముక్కలే ఉన్నాయి. సోమవారం: 50 మీద ఆరు చుట్లు, తొమ్మిదో బార్‌లో తొందర. గురువారం: కరెంటు పోయింది, చీకట్లో వాయించాను, కాలు ఆగలేదు. ఆదివారం: రికార్డింగ్ అయింది, రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్ బెండ్ ఇంకా కాస్త తక్కువే.