సీల్ కొవ్వులో చేరిన రైన్ నది

పారే నీటికి మైల అంటదని చాలామంది గట్టిగా నమ్ముతారు. నది తన మురికిని ఎక్కడ దించుతుందో చూస్తే ఆ నమ్మకం నిలవదు. రైన్ నది సముద్రంలో కలిశాక ఆ నీరు తీరం వెంబడి ఉత్తరానికి సాగి నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ తీరాల వెంట ఉన్న లోతు తక్కువ వాడెన్ సముద్రం చేరుతుంది. 1950లో అక్కడ, నెదర్లాండ్స్ వైపున, మూడు వేలకు పైగా హార్బర్ సీల్స్ ఉండేవి. 1975 నాటికి 500 కూడా మిగల్లేదు. వేట ఒక కారణమే, కానీ పిల్లలు ఎందుకు తగ్గిపోయాయో దాంతో తేలలేదు.

పీటర్ రైండర్స్ అనే శాస్త్రవేత్త 24 ఆడ సీల్స్‌ను రెండు గుంపులు చేశాడు. ఒక గుంపుకి వాడెన్ చేపలు, రెండో గుంపుకి అట్లాంటిక్ చేపలు పెట్టాడు. అట్లాంటిక్ చేపలు తిన్న 12లో పదింటికి పిల్లలు పుట్టాయి. వాడెన్ చేపలు తిన్న వాటిలో నాలుగింటికే. 1986లో ఈ ఫలితం అచ్చయింది. వేలెత్తి చూపింది పీసీబీల వైపు, అంటే ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన, రైన్ మోసుకొచ్చిన క్లోరిన్ రసాయనాల వైపు.

పీసీబీలు 209 రకాలు. వీటిని విరగ్గొట్టాలంటే కాలేయంలోని ఎంజైమ్‌కి పక్కపక్కన క్లోరిన్ లేని రెండు కార్బన్లు దొరకాలి. 153 నంబరు రకంలో అలాంటి చోటే లేదు, అందుకే అది కొవ్వులో తిష్ఠ వేస్తుంది. విరిగేవాటితో ఇంకో తంటా. వాటి నుంచి పుట్టే కొన్ని ముక్కలు థైరాయిడ్ హార్మోన్‌లా కనిపిస్తాయి. రక్తంలో ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్‌ని బస్సు అనుకోండి. థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోన్ అందులో టికెట్ ఉన్న ప్రయాణికుడు. ఈ ముక్క టికెట్ లేకుండా ఎక్కి ఆ సీట్లో కూర్చుంటుంది, అసలు ప్రయాణికుడు దిగిపోతాడు. గొడవ అక్కడితో ఆగదు. ఈ బస్సు వెనక ట్రాలీలా ఇంకో చిన్న ప్రొటీన్ తగిలించి ఉంటుంది, అది మోసేది విటమిన్ ఎ. సీట్లో దొంగ కూర్చుంటే ట్రాలీ కొక్కెం కూడా ఊడుతుంది. ఊడిన చిన్న ప్రొటీన్‌ని కిడ్నీలు వడకట్టి బయటికి పంపేస్తాయి. రైండర్స్ సీల్స్ రక్తంలో థైరాయిడ్ హార్మోన్, విటమిన్ ఎ రెండూ తగ్గినట్టు తేలింది. ఒకే బస్సు పాడైతే ఎదుగుదల, సంతానం, రోగనిరోధక శక్తి మూడూ దెబ్బతినొచ్చు!

1988లో ఉత్తర ఐరోపాలో డిస్టెంపర్ జాతి వైరస్ సోకి సుమారు 18,000 సీల్స్ చచ్చిపోయాయి. చంపింది వైరస్సే, కాలుష్యం వాటా ఎంతన్నది వాదనల్లోనే ఉంది. అయితే తర్వాత, కలుషితమైన బాల్టిక్ సముద్రపు హెర్రింగ్ చేపలు తినిపించి చూసిన సీల్స్‌లో, వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు నీరసించాయి.

బడిలో ఆహార గొలుసు బొమ్మ వేసి, మెట్టుమెట్టుకీ శక్తి తగ్గుతుందని చెప్పి వదిలేస్తారు. అదే మెట్లు ఎక్కుతూ విషం పెరుగుతుందని అప్పుడే చెబితే బాగుంటుంది. పై మెట్టు మీదున్న తల్లి సీల్ పాలలో దాదాపు సగం కొవ్వే. నాలుగు వారాల పాలతో తల్లి తన పీసీబీల్లో కొంత భాగం పిల్లకు దించేస్తుంది, మొదటి కాన్పు పిల్లకు ఎక్కువ వాటా. మగదానికి ఆ దారి లేదు, వయసుతో పాటు కూడబెడుతూనే పోతుంది. కాబట్టి ఆడామగా, వయసూ చూడకుండా నదీముఖంలోని సీల్స్ అన్నిటికీ కలిపి తీసిన పీసీబీల సగటు చెప్పేది చాలా తక్కువ.