పాత స్టేబుల్ ఓఎస్ మీద కొత్త కంపైలర్: అపోహలు - వాస్తవాలు

నా పని బిల్డ్‌లు చూసుకోవడం, అంటే రాసిన కోడ్‌ను కంపైలర్‌తో నడిచే ప్రోగ్రాముగా మార్చించడం. కోడ్ రాసేవాళ్లు కొత్త సీ++ కావాలంటారు, సర్వర్లు చూసేవాళ్లు ఏదీ కదపొద్దంటారు. మధ్యలో నేను, అడకత్తెరలో పోకచెక్కలా. "సెంట్ఓఎస్ 7లో జీసీసీ 4.8.5 ఉంది, మాకు సీ++17 కావాలి, ఎలా?" అనే ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సెంట్ఓఎస్ సర్వర్లలో వాడే ఒక లైనక్స్ ఓఎస్, జీసీసీ దానితో వచ్చే కంపైలర్, సీ++17 ఆ కంపైలర్ కంటే కొత్తదైన సీ++ ప్రమాణం. ఆ ఓఎస్‌కు 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసిపోయింది. అయినా దాని మీద నడుస్తున్న మెషీన్లు ఇంకా ఉన్నాయి, ప్రశ్నలూ వస్తూనే ఉన్నాయి. ప్రశ్న వెంట ఒకటో రెండో అపోహలు కూడా.

అపోహ: కంపైలర్ పాతదిగా ఉందంటే ఎవరో అప్‌డేట్ చేయడం మర్చిపోయారు.

వాస్తవం: మర్చిపోలేదు, కావాలనే ఆపారు. స్టేబుల్ అంటే బగ్‌లు లేవని కాదు, వెర్షన్ మారదని. డెబియన్ అనే ఇంకో లైనక్స్ ఓఎస్‌ను చూడండి: డెబియన్ 11 జీసీసీ 10.2తో వచ్చింది, డెబియన్ 12 జీసీసీ 12.2తో. ఆ విడుదల బతికున్నంత కాలం అదే ఉంటుంది. ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ కొట్టినా 13 రాదు.

అపోహ: పాత కంపైలర్‌ను తీసేసి, ఆ స్థానంలో కొత్తది పెట్టాలి.

వాస్తవం: తీయొద్దు, పక్కన పెట్టండి. ఒకే మెషీన్‌లో ఎన్ని జీసీసీలైనా ఉండొచ్చు. సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా, అంటే ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా, ఆప్ట్ కింద ఒక సొంత డైరెక్టరీ ఇస్తే అన్నీ అక్కడే కూర్చుంటాయి. వద్దనుకుంటే ఆ డైరెక్టరీ చెరిపేస్తే చాలు. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే కమాండ్‌తో మొత్తం సిస్టమ్‌కే డిఫాల్ట్ మార్చడం నాకు నచ్చదు. కెర్నల్ మాడ్యూళ్లు, అంటే ఓఎస్ గుండెకాయ అయిన కెర్నల్‌లో కలిసే డ్రైవర్ల లాంటివి, ఆ కెర్నల్‌ను బిల్డ్ చేసిన కంపైలర్‌తోనే కంపైల్ కావడం మేలు. మీరు డిఫాల్ట్ మార్చిన సంగతి, రేపు కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు తనంతట తాను డ్రైవర్‌ను కంపైల్ చేసుకునే డీకేఎంఎస్‌కు తెలియదు. ఆ ప్రాజెక్ట్ వరకు, ఏ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ, సీఎక్స్ఎక్స్ వేరియబుల్స్ మారిస్తే సరిపోతుంది.

వేరియబుల్స్ మార్చినా పాత జీసీసీయే పలుకుతోందా? బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్ మొదటిసారి చూసిన కంపైలర్‌ను క్యాష్ ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది, తర్వాత మీరేం మార్చినా పట్టించుకోదు. కొత్త బిల్డ్ డైరెక్టరీతో మొదలుపెట్టండి.

అపోహ: కొత్త జీసీసీ కావాలంటే జీలిబ్‌సీ, అంటే ప్రోగ్రాములు పంచుకునే సిస్టమ్ సీ లైబ్రరీ, కూడా కొత్తది కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. మిగతా అపోహలు బిల్డ్‌ను చెడగొడతాయి, ఇది మెషీన్‌నే పడగొడుతుంది. జీసీసీ కూడా అన్ని ప్రోగ్రాముల్లాంటి ఒక ప్రోగ్రామే. సెంట్ఓఎస్ 7లోని జీలిబ్‌సీ 2.17 మీద జీసీసీ 13 బిల్డ్ అవుతుంది, నడుస్తుంది. జీలిబ్‌సీ సంగతి వేరు. ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ నుంచి దూరం నుంచి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ దాకా దాదాపు ప్రతిదీ దాని మీదే నిలబడి ఉంటుంది.

నా పాత ఉద్యోగంలో ఒక కుర్రాడు ఎక్కడో చదివి కొత్త జీలిబ్‌సీ బిల్డ్ చేశాడు. సిస్టమ్ లైబ్రరీ డైరెక్టరీలో లిబ్‌సీ పేరుతో ఉండే, అసలు ఫైల్ వైపు చూపే సింబాలిక్ లింక్‌ను దాని వైపు తిప్పాడు. ఎంటర్ కొట్టగానే మెషీన్ మూగబోయింది. ఎల్ఎస్ అంటే ఎర్రర్, సీపీ అంటే ఎర్రర్. తప్పు సరిదిద్దుదామని లింక్‌లు మార్చే ఎల్ఎన్ అంటే దానికీ అదే ఎర్రర్. ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించే లోడర్ పాతది, లైబ్రరీ కొత్తది. ఆ రెండూ ఒకే వెర్షన్‌వి కాకపోతే ఏ ప్రోగ్రామూ లేవదు. కొత్తగా లాగిన్ అవుదామంటే ఎస్ఎస్‌హెచ్ రానివ్వదు. మిగిలింది అప్పటికే రూట్‌గా తెరిచి ఉన్న ఒక్క టెర్మినల్. "ఆ విండో మూసేవురా బాబూ!" అని నేను అరిచిన అరుపు అతనికి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఆ టెర్మినల్‌లో కమాండ్లు తీసుకునే బాష్ అప్పటికే మెమరీలో ఉంది కాబట్టి సీడీ, ఎకో లాంటి దాని సొంత కమాండ్లు పనిచేశాయి. ఎకో పక్కన నక్షత్రం పెట్టి ఫైళ్ల పేర్లు చదువుకున్నాం. గట్టెక్కించింది ఎస్ఎల్ఎన్ అనే చిన్న ప్రోగ్రామ్. ఎల్ఎన్ చేసే పనే అదీ చేస్తుంది, కానీ స్టాటిక్‌గా లింక్ అయి, అంటే కావాల్సిన లైబ్రరీ కోడ్‌ను తనలోనే కలుపుకుని ఉంటుంది కనుక లిబ్‌సీతో దానికి పని లేదు. ఇలాంటి రోజు కోసమే జీలిబ్‌సీ వాళ్లు దాన్ని వెంట పంపిస్తారు. లింక్‌ను మళ్లీ 2.17 వైపు తిప్పాం, అన్నీ లేచి కూర్చున్నాయి.

డెబియన్‌లో ఇదే ప్రమాదం వేరే దారిన వస్తుంది. స్టేబుల్‌కు టెస్టింగ్ (ఇంకా విడుదల కాని తర్వాతి వెర్షన్) రిపాజిటరీ కలిపి జీసీసీ ఒక్కటే తెచ్చుకుందాం అనుకుంటారు. దాని వెనకే లిబ్‌సీ6, అంటే జీలిబ్‌సీ ప్యాకేజీ, దిగుతుంది. ఇక వెనక్కి వెళ్లడానికి తేలికైన దారి ఉండదు.

అపోహ: కంపైల్ అయితే నడిచినట్టే.

వాస్తవం: నాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే. కంపైలర్ వేరు, అది తయారుచేసిన బైనరీ నడిచేటప్పుడు వెతుక్కునే రన్‌టైమ్ లైబ్రరీ వేరు. సీ++ ప్రోగ్రాముకు ఆ లైబ్రరీ లిబ్‌స్టడ్‌సీ++. సెంట్ఓఎస్ 7లోని కాపీలో సింబల్ వెర్షన్లు, అంటే లైబ్రరీ ఫంక్షన్ల మీద ఉండే వెర్షన్ ముద్రలు, జీలిబ్‌సీఎక్స్ఎక్స్ 3.4.19తో ఆగిపోతాయి. జీసీసీ 11 లైబ్రరీ 3.4.29 దాకా వెళ్తుంది. మీ కోడ్ ఈ రెంటి మధ్యలో వచ్చిన ఏ ఫంక్షన్ వాడినా, సర్వర్ మీద మొదటి క్షణంలోనే "3.4.29 దొరకలేదు" లాంటి మాట వినిపిస్తుంది. ఏదీ వాడకపోతే వినిపించదు. పరీక్షకు రాసిన పది లైన్ల ప్రోగ్రామ్ నడిచి, అసలు ప్రోగ్రామ్ పడిపోయేది ఇందుకే.

మందులు మూడు. మొదటిది, లిబ్‌స్టడ్‌సీ++ను స్టాటిక్‌గా లింక్ చేయడం. ఒంటరి బైనరీ అయితే నేను ఇదే వాడతాను. రెండోది, ఆర్‌పాత్‌తో కొత్త లైబ్రరీ ఎక్కడుందో బైనరీలోనే రాసేయడం, ఆ లైబ్రరీని వెంట పంపడం. మూడోది, ఎల్‌డీ లైబ్రరీ పాత్ వేరియబుల్. చేతి కింద పరీక్షకు ఫరవాలేదు గానీ దాన్ని లాగిన్ ఫైల్‌లో పెట్టి మర్చిపోతే సంబంధం లేని ప్రోగ్రాములు కూడా మీ లైబ్రరీని ఎక్కించుకుంటాయి.

పాత ఓఎస్ మీద కొత్త కంపైలర్ ఇచ్చే రెడ్‌హ్యాట్ వాళ్ల ప్యాకేజీ డెవ్‌టూల్‌సెట్ దీన్ని ఇంకో రకంగా దాటేసింది. అందులోని లిబ్‌స్టడ్‌సీ++ డాట్ ఎస్ఓ ఫైల్‌ను క్యాట్ కమాండ్‌తో తెరిచి చూడండి. బైనరీ ఉండదు, చిన్న టెక్స్ట్ కనిపిస్తుంది. "సిస్టమ్‌లో ఉన్న పాత లైబ్రరీని తీసుకో, అందులో లేనివి ఈ స్టాటిక్ లైబ్రరీలో వెతుకు" అని, ముక్కలను కలిపి బైనరీ చేసే లింకర్‌కు రాసిన చీటీ అది. పాతవి సిస్టమ్ నుంచే వస్తాయి, కొత్తవి మాత్రం బైనరీలో కలిసిపోతాయి. అందుకే డెవ్‌టూల్‌సెట్‌తో చేసిన బైనరీ ఏమీ తోడు లేకుండా మామూలు సెంట్ఓఎస్ 7లో నడుస్తుంది. ఆ ప్యాకేజీలు ఇప్పుడు పాత విడుదలలను దాచే వాల్ట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఓఎస్ వెర్షన్ 8 నుంచి దీని పేరు జీసీసీ-టూల్‌సెట్ అయింది.

దానికో మెలిక ఉంది. జీసీసీ 5తో, సీ++లో అక్షరాలను దాచే స్టడ్ స్ట్రింగ్ లోపలి అమరిక మారింది. డెవ్‌టూల్‌సెట్ సెంట్ఓఎస్ 7 మీద పాత అమరికనే వాడుతుంది, మాక్రో పెట్టి కొత్తది అడిగినా ఇవ్వదు. మీరు సొంతంగా బిల్డ్ చేసిన జీసీసీ మామూలుగా కొత్త అమరిక వాడుతుంది. ఒక లైబ్రరీ దీనితో, ఇంకో లైబ్రరీ దానితో చేసి కలిపితే లింకర్ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అంటూ పేజీలు నింపుతుంది. ఆ పేర్ల మధ్యలో సీఎక్స్ఎక్స్11 అనే ముక్క కనిపిస్తే ఇక కోడ్‌లో వెతకకండి, జబ్బు ఇదే.

అపోహ: ఈ తంటా అంతా ఎందుకు, కొత్త ఓఎస్ ఉన్న కంటైనర్‌లో (మెషీన్ లోపలే విడిగా నడిచే వాతావరణంలో) బిల్డ్ చేసి బైనరీ పట్టుకొస్తే పోలా?

వాస్తవం: ఆ కంటైనర్‌లోనే నడిపేటట్టయితే హాయిగా చేయండి. బైనరీని పాత మెషీన్‌కు తెస్తే మాత్రం చాలాసార్లు నడవదు. పాత జీలిబ్‌సీ మీద చేసింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. పైగా జీలిబ్‌సీ 2.34లో ప్రోగ్రామ్ మొదలయ్యే సింబల్‌కే కొత్త వెర్షన్ వచ్చింది. ఆ వెర్షన్ మీద చేస్తే హలో వరల్డ్ కూడా 2.34 కావాలంటుంది. పాత ఓఎస్ కంటైనర్‌లో కొత్త కంపైలర్ పెట్టి బిల్డ్ చేస్తేనే బైనరీ అన్నిచోట్లా నడుస్తుంది. పైథాన్ ప్యాకేజీల కోసం వాడే మెనీలైనక్స్2014 ఇమేజ్ చేసింది ఇదే. కింద సెంట్ఓఎస్ 7, పైన డెవ్‌టూల్‌సెట్ 10.

అపోహ: జీసీసీని సోర్స్ నుంచి బిల్డ్ చేయడం మహామహుల పని.

వాస్తవం: కాదు, ఓపిక పని. దానికి కావాల్సిన గణిత లైబ్రరీలు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీలను తెచ్చిపెట్టే స్క్రిప్ట్ సోర్స్‌లోనే ఉంది. సోర్స్ డైరెక్టరీ లోపల కాకుండా బయట వేరే డైరెక్టరీలో కాన్ఫిగర్ చేయండి. 32 బిట్ హెడర్లు లేకపోతే, 32, 64 బిట్ రెండింటికీ లైబ్రరీలు చేసే మల్టీలిబ్ ఆపేయండి. జీసీసీ తనను తాను మూడుసార్లు కంపైల్ చేసుకుని, చివరి రెండింటినీ పోల్చి చూసుకుంటుంది కాబట్టి ఆలస్యమవుతుంది, కంగారు పడొద్దు. గుర్తుంచుకోవాల్సిన అంకె ఒకటుంది: జీసీసీ 14 దాకా బిల్డ్ చేయడానికి 4.8 చాలు, 15కు కనీసం 5.4 కావాలి. అంటే సెంట్ఓఎస్ 7 నుంచి 15కు ఒక్క గెంతులో పోలేరు, మధ్యలో ఒక మెట్టు ఎక్కాలి.

అపోహ: కంపైలర్ మారితే ఏముంది, కోడ్ అదే కదా.

వాస్తవం: జీసీసీ 10 నుంచి, హెడర్ ఫైల్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా పెట్టిన సీ గ్లోబల్ వేరియబుల్ "మల్టిపుల్ డెఫినిషన్" అవుతుంది. 13తో, ఇన్నాళ్లూ వేరే హెడర్ చాటున వచ్చిన సీస్టడ్‌ఇంట్ హెడర్‌ను మీరే చేర్చుకోవాలి. 14తో, డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలిస్తే సీలో హెచ్చరికతో వదలదు, ఎర్రరే ఇస్తుంది.

డీబగ్గర్ కూడా అడ్డం తిరుగుతుంది. జీసీసీ 11 నుంచి డీబగ్ సమాచారం డ్వార్ఫ్ 5 అనే ఫార్మాట్‌లో వస్తుంది. సెంట్ఓఎస్ 7లోని డీబగ్గర్ జీడీబీకి 4 దాకానే తెలుసు. బైనరీ తెరవగానే వెర్షన్ తప్పు అని గొణిగి, లైన్ నంబర్లు చూపించకుండా కూర్చుంటుంది. అర్ధరాత్రి, పడిపోయిన ప్రోగ్రామ్ వదిలిన కోర్ డంప్ ముందు కూర్చుని ఈ సంగతి తెలుసుకోవద్దు. కంపైల్ ఆప్షన్లలో డ్వార్ఫ్ 4 అడగండి, లేదా డెవ్‌టూల్‌సెట్‌తో వచ్చే జీడీబీ వాడండి.