పలకరాయి కాపాడిన భాష

ఇంగ్లండుకు పడమట, దాన్ని ఆనుకునే ఉన్న చిన్న కెల్టిక్ దేశం వేల్స్. జనాభా 31 లక్షలు. కోర్టుల్లో ఇంగ్లీషే నడవాలని 1536లోనే చట్టం చేశారు. అయినా అక్కడి వెల్ష్ భాష ఈనాటికీ ఇళ్లలో, బళ్లలో బతికే ఉంది. 1588లో వచ్చిన వెల్ష్ బైబిలు దానికి పెద్ద అండ. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం మరో అండ: ఉత్తర వేల్స్ కొండల్లోని పలకరాయి.

సుమారు 50 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం. దాని అడుగున పేరుకున్న మెత్తటి బురద గట్టిపడింది. తర్వాత భూఫలకాలు ఢీకొన్నప్పుడు ఆ ఒత్తిడికి అందులోని అభ్రకంలాంటి ఖనిజాల రేకులన్నీ ఒకే దిశకు తిరిగాయి. అందుకే ఆ రాయి పొరలుగా విడిపోతుంది. పనివాడు దిమ్మెను కాలికి ఆనించి, అంచున వెడల్పాటి ఉలి పెట్టి కొయ్యసుత్తితో తడితే చాలు, నున్నటి రేకు ఊడివస్తుంది. మన మార్కాపురం పలకలదీ ఈ జాతి రాయే. వేల్స్ రాయి ఎక్కువగా ఇంటి కప్పులకు పోయింది. 1898 నాటికి 17 వేల మంది ఏడాదికి దాదాపు 5 లక్షల టన్నులు తీసేవారు.

దక్షిణాన బొగ్గు, ఇనుము పనులకు ఇంగ్లండు నుంచి, ఐర్లండు నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. అక్కడ వెల్ష్ పలచబడింది. ఉత్తరాన క్వారీల్లోకి వచ్చినవాళ్లు ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల వాళ్లే. ఉలి పట్టడం నేర్చుకున్నదీ, కూలి కోసం బేరమాడిందీ వెల్ష్‌లోనే. మధ్యాహ్నం అన్నాలు తినే పాకను 'కాబాన్' అనేవారు. టీ తాగుతూ అక్కడే రాజకీయాలు, మతం చర్చించేవారు, పద్యాలకు పోటీలు పెట్టుకునేవారు. 1884లో బాంగోర్‌లో విశ్వవిద్యాలయ కళాశాల పెడుతుంటే తమ కూలిలోంచి చందాలు ఇచ్చింది ఈ రాళ్లు కొట్టేవాళ్లే. ఆ దాతృత్వం తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1900లో పెన్రిన్ క్వారీలో యూనియన్ హక్కుల కోసం సమ్మె మొదలై మూడేళ్లు సాగింది. 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని వెల్ష్‌లో అచ్చేసిన కార్డులు కిటికీల్లో పెట్టుకున్నారు. చివరికి కార్మికులు ఓడిపోయారు, చాలామంది దక్షిణాన బొగ్గు గనులకు వలసపోయారు.

2021 లెక్కల ప్రకారం వేల్స్ మొత్తం మీద వెల్ష్ మాట్లాడేవారు 17.8 శాతం. ఈ క్వారీలున్న గ్వినెడ్ జిల్లాలో 64 శాతం.